అంటని పీచు

పొద్దుటి నుంచి చిన్నతల్లికి కాలు నిలవడం లేదు. చేతులు మిషను మీద ఉన్నా కళ్లు మాత్రం పక్క వరసలో పనిచేస్తున్న అత్త గురమ్మ వైపే పోతున్నాయి. ఏదో తేడాగా ఉంది. ఏమిటో అంతు పట్టడం లేదు.

ఆ నార మిల్లులో కిటికీలు తెరవరు. వడగాలి తగిలితే దారం పొడిబారి తెగుతుందట. గాలి చెమ్మగా ఉండాలని నేల మీద చల్లడానికి గుమ్మం దగ్గర డ్రమ్ము నిండా నీళ్లు పెడతారు. దారానికి అంత మర్యాద! మనుషుల కుళాయి మాత్రం ఆవరణకు ఆ చివర. వెళ్లొచ్చేలోగా దారం తెగితే తిట్లు తినాలి. అందుకని గురమ్మ పనిలో నీళ్లు తాగడమే మానేసింది. ఎండలు ఏటికేడాది ముదురుతున్నా ఆవిడ పంతం సడలలేదు.

మిషన్ల హోరులో మాట వినబడదు కాబట్టి అక్కడందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. రెండు వేళ్లు కలిపి విడదీస్తే దారం తెగిందని. బొటనవేలు నోటి దగ్గర పెడితే నీళ్లని. చిన్నతల్లి బొటనవేలు చూపించి అడిగింది. నీ పని చూసుకోమన్నట్టు గురమ్మ చెయ్యి విసిరింది.

ఎదురు వరస హేమ వచ్చి చెవిలో అరిచింది. "మీ అత్తని సూడే, సెమటే పట్నేదు. మనమే తడిసి ముద్దయిపోనాం."

చిన్నతల్లి తన చేతులు చూసుకుంది. చెమటతో నారపీచు మోచేతుల దాకా అంటుకుని ఉంది. అత్త చేతుల మీద వాలిన పీచు వాలినట్టే జారిపోతోంది. పోయిన వేసవిలో తమతో పనిచేసే మరిడమ్మ ఇక్కడే కూలబడితే పట్టుకున్నది తనే. ఆ ఒళ్లూ ఇలాగే చెమట లేకుండా కాలిపోయింది. సాయంత్రానికి మరిడమ్మ లేదు.

చిన్నతల్లి తన మిషను ఆపి పరుగెత్తి, అత్త మిషనూ ఆపేసింది. గురమ్మ అప్పటికే ఒరిగిపోతోంది. హేమ కూడా తన మిషను ఆపి గుమ్మం దగ్గరి డ్రమ్ములోంచి బకెట్టు నిండా ముంచుకొచ్చింది. ఇద్దరూ గురమ్మ నెత్తి మీద నీళ్లు కుమ్మరించారు. వరస వెంబడి వరసగా మిగతా మిషన్లన్నీ ఆగిపోయాయి.

సూపర్‌వైజరు జగన్నాధం ఊడిపడ్డాడు. "ఏటిది? దారానికెట్టిన నీరు కదా అది."

"దారం తెగితే ముడేసుకోవచ్చు బాబూ. మా అత్త పోతే ఏటి సేత్తారు?"

జగన్నాధం తనే వెళ్లి కిటికీ తలుపు ఒకటి తోసి, అంబులెన్సుకి ఫోను చేశాడు.

ఎంతకో గురమ్మ కళ్లు తెరిచింది. షెడ్డంతా నిశ్శబ్దంగా ఉన్న సంగతి ఆవిడకింకా తెలియలేదు. వేళ్లు రెండు పైకెత్తి, కలిపి, విడదీసి, కోడలి ముఖంలోకి చూసింది.

చిన్నతల్లికి ఏడుపూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఆ వేళ్లని గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

"తెగనీ అత్తా," అంది.