ఆర్పిన మంట

మిగులు గ్యాసు కాల్చే పొడవాటి గొట్టం కొసన మంట లేదు. గ్యాస్ బావుల మేనేజరు యెర్దెన్ దాన్ని సొంత కొడుకుని చూపించినట్టు చూపించాడు.

"చూశావా తోలెగెన్ అన్నా, నిప్పురవ్వ కూడా లేదు. ఈసారైనా మాకు మంచి మార్కులు వెయ్యి."

నాకు నవ్వు కూడా రాలేదు. ఆకాశంలోని ఉపగ్రహాలకు మంట కనిపిస్తే జరిమానా అని రాజధాని ఆర్డరు వేసింది. వీళ్లు మంట ఆర్పారు, గ్యాసు ఆపలేదు. కాలని గ్యాసు గాలికి ఇంకా పెద్ద చేటు. ఆ సంగతి చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. ముప్పై ఏళ్ల తనిఖీ ఉద్యోగం మరి.

భోజనంలో గొర్రె తలకాయ నా ముందే పెట్టారు. పెద్ద అతిథికి అదే మర్యాద, కాదంటే చెంపదెబ్బ కొట్టినట్టే. చెవి కోసి పక్కవాళ్లకిచ్చి, మిగతాది తిన్నాను. తిన్న నోరు ఇక లేవదని వాళ్ల ధీమా.

తిరుగుదారిలో, పల్లంలో ఉన్న ఇంటి ముందు ఒంటెలు మేపుకునే ముసలావిడ కున్సులు జీపుకి అడ్డం నిలబడింది.

"తలకాయ తిన్నావట. మా ఇంటి రొట్టె ముట్టకుండానే పోతావేంరా?"

దిగి ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. ఇల్లంతా ఆ గ్యాసుదే, కుళ్లిన గుడ్ల కంపు.

"రెండు ఒంటె పిల్లలు పోయాయి. నాకు పొద్దస్తమానం తలనొప్పి. మంట ఆర్పమన్నది మీ వాళ్లేనటగా?"

"అవును అవ్వా."

బయటికి తీసుకొచ్చి, కంటికి కనపడని గ్యాసును చూపించే కెమెరా ఆమె చేతికిచ్చాను. గొట్టం నుంచి నల్లటి పొగలాంటిది జారి, ఆమె ఇంటి కప్పు మీదే పరుచుకుంటోంది. చాలాసేపు చూసింది.

"ఇది పంపించు మీ పెద్దలకి."

"పోయిన నెలే పంపాను. మంట లేదు కదా, ఇంకేంటి అన్నారు."

"అయితే రేపు ఒంటెల్ని తోలుకుని ఇల్లొదిలి పోతాను. మా ఆయన కట్టిన ఇల్లిది. గాడిదలకి చెప్పుకుంటే ఏం లాభం?"

ఆ గాడిదల్లో నేనూ ఉన్నాను. ఒళ్లు మండింది. మంచు తుఫానులో దారి తప్పితే పేల్చడానికి జీపులో నిప్పు గుండు వదిలే సిగ్నలు తుపాకీ ఉంటుంది. గాలి మళ్లి, గ్యాసు సముద్రం వైపు పోయేదాకా గొట్టానికి దూరంగా జీపులోనే కూర్చున్నాను. ఆనక దిగి కొసకి గురిపెట్టి కాల్చాను. మొదటిది తప్పింది. రెండోదానికి భగ్గుమంది.

యెర్దెన్ వెంటనే ఫోను చేశాడు.

"అన్నా, మా ఉప్పు తిని మాకే నిప్పు పెడతావా?"

"ఆవిడ రొట్టె కూడా తిన్నానురా. మంట కనిపిస్తోంది, జరిమానా రాస్తున్నాను. ముట్టించింది నేనేనని కూడా రాస్తాను."

"నీ ఉద్యోగం ఊడుతుంది."

"ఊడనీ. అలిసిపోయాను."

వెనక్కి వెళ్లేసరికి కున్సులు గుమ్మంలోనే ఉంది. ఎర్రటి వెలుగు ఆమె మొహం మీద పడుతోంది.

"మళ్లీ దీంతో రాత్రంతా కంటి మీద కునుకుండదు" అని గొణుక్కుంటూ లోపలికెళ్లి, పాత దుప్పటి తెచ్చి కిటికీకి కట్టుకుంది.