మూడు బెజ్జాల రాయి

"ఐతారం దాంక టైమిస్తున్న. ఆలోపల ఆ మిషినన్న పోవాలె, మీరన్న పోవాలె!"

బాలయ్య వాకిట్లో నిలబడి అట్లా అరిచేసరికి చిట్యాలలో ఆ సందు సందంతా గడపల్లోకి వచ్చి నిలబడింది. ఏసోబు అరుగు మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. లేవలేదు.

లోపల మిషిన్ అప్పుడే తన ఆట ముగించింది. బట్టలు పిండే వంతు రాగానే అది కొత్తగా కాడి కట్టిన కోడెలాగా ఎగిరి, గోడను నాలుగు గుద్దులు గుద్ది, పైపు తెంపుకుని గది నడిమికి వచ్చి ఆగింది. సున్నం పెచ్చులు రాలి దాని నెత్తిన పడ్డాయి. ఏసోబు భార్య బిక్షమ్మ చీర ఎగదోపుకుని తట్టతో నీళ్లు ఎత్తిపోస్తోంది.

"విన్నవా ఏసోబూ? నోట్లె నాలుక లేదా?"

"విన్న."

"ఏం విన్నవ్?"

"ఐతారం."

బాలయ్యకు ఒళ్లు మండింది. తిట్టినవాడిని తిరిగి తిడితే ఒక లెక్క. ఈ ముసలోడు తిట్టడు, బతిమాలడు. రాతి మీద వాన పడ్డట్టే. బాలయ్య గేటును ఒక్క తన్ను తన్ని తన ఇంట్లోకి పోయాడు. ముందు ఇల్లు ఆయనది. వెనకున్న రెండు గదుల్లో వీళ్లు తొమ్మిదేళ్లుగా కిరాయికి ఉంటున్నారు.

ఆ మిషిన్ ముందుకు తెరుచుకునే గుండ్రటి అద్దం తలుపుది. దాని వయసు ఇరవై దాటింది. రోడ్డు మీద పది మంచాల దవాఖాన పెట్టిన డాక్టరు తన ఇంట్లో పదకొండేళ్లు వాడుకుని, తెలంగాణ వచ్చిన ఏడాది కొత్తది కొని, దీన్ని బిక్షమ్మకు ఇచ్చేశాడు. దాంతోపాటే దవాఖాన దుప్పట్లు ఉతికే పని కూడా అప్పజెప్పాడు. డాక్టరు కొన్న కొత్తది నాలుగేళ్లకు పోయింది. దాని తర్వాతది మూడేళ్లకే పోయింది. ఇది మాత్రం రోజుకు రెండు మూటల దుప్పట్లు మింగి కక్కుతూ తిరుగుతూనే ఉంది.

ఊరికే తిరగలేదు. బిక్షమ్మ దానికి బోరు నీళ్లు పట్టనిచ్చేది కాదు. కుండకే తెల్లటి పెచ్చు కట్టించే నీళ్లు ఇనుమును బతకనిస్తాయా? నల్లా వచ్చినప్పుడు మిద్దె మీది డ్రమ్ము నింపి ఆ నీళ్లే వాడేది. సబ్బుపొడి డబ్బా మీద రాసినదాంట్లో సగమే వేసేది. నెలకొకసారి బట్టలు లేకుండా నిమ్మ ఉప్పు వేసి తిప్పేది. పని కాగానే తలుపు బార్లా తెరిచి ఆరబెట్టేది. చిన్నప్పుడు తాగిన ఫ్లోరైడు బావినీళ్లకు ఆమె వేళ్లు ఎప్పుడో కొంకర్లు పోయాయి. తడిసిన దుప్పటిని పిండడం ఆ వేళ్లతో కాదు. మిషిన్ ఆగితే ఆ ఇంట్లో పని ఆగినట్టే. ఏసోబుకా, బండలు కొట్టీ కొట్టీ రొమ్ము పాడయింది. కూలికి పిలిచేవాళ్లు లేరు.

మిషిన్‌కు ఈ కోడె ఆట ఎట్లా వచ్చిందంటే, అది బాలయ్య చలవే.

నెల కింద మిషిన్ బెల్టు జారితే, మోటర్లు చుట్టే మల్లేష్‌ను పిలిచారు. వాడు మీది మూత తీసి లోపలికి చూసి నోరు తెరిచాడు. నీళ్ల తొట్టి మీద ఇంత పొడుగు సిమెంటు దిమ్మె కూర్చుని ఉంది. బాలయ్య పిలవకుండానే వచ్చి తొంగి చూశాడు. ఆయన ముప్పై ఏళ్లు పత్తి కాంటా పెట్టిన మనిషి. పత్తి బోరెం సంచిలో నీళ్లు కొట్టినవాడినీ అడుగున రాళ్లు పెట్టినవాడినీ ఎంతమందిని పట్టుకున్నాడో చెప్పుకోవడం ఆయనకు అన్నం తిన్నంత ఇష్టం. తన కాంటా సంగతి ఆయన చెప్పడు, ఎవరూ అడగరు.

"నాకెర్కలేదా గీ ఏశాలు! బరువుంటే మాల్ గట్టిదనుకుంటరని రాయి పెట్టి అమ్మిండ్రు. రాళ్లు కొట్టెటోనికి రాయే అంటగట్టిండ్రు, శాబాష్! తీసెయ్‌రా మల్లేశా. మిషిన్ పాణం తేలికైతది."

మల్లేష్ దుకాణం ఉన్నది బాలయ్య కిరాయికిచ్చిన మడిగెలోనే. వాడు మారుమాట లేకుండా దిమ్మె విప్పాడు. బాలయ్య దాన్ని మోయించుకుపోయి గాలికి గేటు కొట్టుకోకుండా ఎడమ రెక్కకు ఆనించి పెట్టుకున్నాడు. ఆ సాయంత్రమే సందంతా పాకింది: రాళ్లు కొట్టే ఏసోబు రాళ్ల మిషిన్ నడుపుతున్నాడని.

అప్పుడే ఒక్క మాట అని ఉంటే అయిపోయేది. దిమ్మె విప్పుతుంటే ఏసోబు మనసులో ఏదో కలుక్కుమంది. కానీ అనలేదు. ఉన్న మాటలన్నీ దాచుకుని చచ్చేటప్పుడు తీసుకుపోతాడని బిక్షమ్మ తిట్టేది అందుకే.

బాలయ్య కడుపుమంటకు ఇంకో కారణం కూడా ఉంది. ఆయన భార్య నిర్మలమ్మ పోయిన దసరాకు ఇట్లాంటి అద్దం తలుపు మిషినే కొత్తది కొన్నది. ఉతకడం అయిపోతే పాట పాడేది. ఇరవై రోజుల కింద అది ఒక్కసారిగా దుంకులాడి ఆగింది. "ఇప్పటి మాల్ గంతే," అని బాలయ్య దాని మీద దుప్పటి కప్పేశాడు. అప్పటినుంచి నిర్మలమ్మ బట్టలు బండ మీద బాదుతూ, వెనక గదుల వైపు చూసి, "ముసలి డబ్బ తిరుగుతాంది, నా కొత్తది సచ్చింది," అని మొగుడి చెవి కోస్తోంది.

గడువు పెట్టిన రోజే పొద్దు వాలుతుండగా దవాఖాన కాంపౌండరు ఎల్లస్వామి వచ్చాడు. "బిక్షమ్మా, సోమారం దుప్పట్లు రాకుంటే నల్గొండల లాండ్రికిస్తం. డాక్టరు గట్టిగనే చెప్పిండు." అతను పోయాక బిక్షమ్మ ఏడవలేదు. మొగుడి వైపు తిరిగింది.

"నువ్వు గిట్ల బీడీ తాక్కుంట కూసో. రేపు నీ రాళ్లనే వండి పెడ్త."

ఏసోబు లేచి గేటు దాకా పోయాడు. దిమ్మె దగ్గర గొంతుక్కూర్చున్నాడు. నెల రోజులుగా దాటిపోతున్న రాయే. ఇప్పుడు చేత్తో తడిమాడు. దానికి మూడు బెజ్జాలు ఉన్నాయి. నున్నగా, నిలువుగా, వెంట్రుకవాసి తేడా లేకుండా ఉన్నాయి. ఏసోబు బతుకంతా రాయికి బెజ్జం వేసినవాడే. ఒక్క బెజ్జానికి ఎంత చెమట పోతుందో ఆయనకు తెలుసు. మోసానికి పెట్టే రాయికి ఎవడు ఇంత చాకిరీ చేస్తాడు? చక్రం గిర్రున తిరుగుతుంటే తొట్టిని ఎగరకుండా అణిచిపట్టేది ఈ బరువే. ఇంతకాలం ఆ మిషిన్ బతికింది దీని చలవతోనే.

బాలయ్య చెంబుతో బయటికి వచ్చాడు.

"ఏంది, నా గేటుకాడ ఏం ఎత్కుతున్నవ్?"

"గీ రాయి మిషిన్‌దే. ఇయ్యి పటేలా. బిగిస్త."

"మోసం రాయి అన్న గద!"

"మోసానికైతే బెజ్జాలెందుకు? తూకమొక్కటే నేర్చినవ్. రాయి సంగతి నీకేం ఎరుక?"

ఏడాదిలో ఏసోబు అన్న అతి పొడుగు మాట అదే. పక్కింటి బక్కమ్మ పళ్లికిలించి నవ్వింది. బాలయ్య ముఖం ఎర్రబడింది.

"ఇయ్య! నా ఇంట్ల తీసిన రాయి, నా గేటుకున్న రాయి. ముట్టినవంటే దొంగతనం కిందికొస్తది."

ఏసోబు రెండోసారి అడగలేదు.

తెల్లవారి బాలయ్య చేనుకు పోగానే, ఏసోబు చీపురు పుల్ల పట్టుకుని గేటు దగ్గరికి పోయాడు. బెజ్జానికీ బెజ్జానికీ నడుమ దూరం పుల్ల విరిచి కొలుచుకున్నాడు. రాయిని రెండు చేతులా ఎత్తి, రొమ్ముకు ఆనించుకుని, దించాడు. ఆయనకు కాంటా అక్కర్లేదు. ఆ బరువు చేతుల్లోకి ఎక్కింది.

లేవబోతూ కుడి రెక్క వైపు చూశాడు. దానికీ ఒక రాయి ఆనించి ఉంది. దానికీ బెజ్జాలున్నాయి. రంగు ఇంకా కొత్తది. ఏసోబు ఆ రాయినీ, బాలయ్య ఇంటి కిటికీ లోంచి కనబడుతున్న దుప్పటి కప్పిన మిషిన్‌నూ మార్చి మార్చి చూశాడు. వచ్చేశాడు. బిక్షమ్మకు కూడా చెప్పలేదు.

పాత క్వారీ పక్కన పారేసిన నల్లరాతి ముక్క ఒకటి సైకిల్ మీద తెచ్చాడు. సిమెంటు కంటే నల్లరాయి బరువెక్కువ. అందుకని బొటనవేలు మందం తక్కువ పెట్టాడు. మూడు రోజులు వాకిట్లో ఉలి చప్పుడు. దగ్గు వస్తే ఆగడం, మళ్లీ కొట్టడం. బాలయ్య రోజూ ఆగి చూసి పోయేవాడు.

"ఎవని సమాధికి చెక్కుతున్నవ్ ఏసోబూ?"

ఏసోబు ఉలి జరిపి ఇంకో దెబ్బ వేసేవాడు.

"మిషిన్‌కే అయితది సమాధి!" అని తనే నవ్వుకుని పోయేవాడు.

శుక్రవారానికి బెజ్జాలు పడ్డాయి. సైకిల్ ట్యూబు కోసి రాయికీ ఇనుముకూ నడుమ రబ్బరు బిళ్లలు వేసి, పాత బోల్టులే బిగించాడు. చేత్తో తొట్టిని ఊపి చూశాడు. అది నిండు చూలాలిలా మెల్లగా కదిలి ఆగింది.

ఆదివారం గుడి గంట కొట్టకముందే బాలయ్య నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. నిర్మలమ్మ కూడా కొంగు బిగించుకుని వెనకే వచ్చింది. బాలయ్య చేతిలో అంచుదాకా నీళ్లు నింపిన చెంబు ఉంది.

"అందరు సూడుండ్రి. ఈ చెంబు మిషిన్ మీద పెడ్త. నీళ్లొలికితే మూట కట్టాలె. ఒలకకుంటే నేనేం అన. మాటంటే మాటే."

బిక్షమ్మ దుప్పట్లు వేసి తలుపు మూసింది. అందరూ ఇరుకు గదిలో గోడలకు ఆని నిలబడ్డారు. పిండే వంతు వచ్చింది. మిషిన్ సన్నగా మొదలుపెట్టి, ఈల ఎత్తుకుని, అద్దంలో తెల్లటి సుడి అయింది. చెంబులో నీళ్లు వణికాయి. వణుకుతూనే ఉన్నాయి. చుక్క ఒలకలేదు. మిషిన్ నెమ్మదించి, టక్కున గొళ్లెం వదిలి ఊరుకుంది.

"ఒలకలే," అంది బక్కమ్మ.

బాలయ్య చెంబు అందుకున్నాడు. చేతి ఊపుకు నీళ్లు ఆయన ధోతీ మీదే పడ్డాయి.

"సప్పుడు లేకుంటే అయిపాయెనా? ఎవని రక్తమో ఎవని చీమో నా ఇంట్ల ఉతుకుతున్నరు. తొమ్మిదేండ్లు ఊకున్న. ఇగ చాలు. ఖాళీ చెయ్యిండ్రి!"

"మాటంటే మాటన్నవ్ గద పటేలా," అంది బిక్షమ్మ.

"నా ఇల్లు, నా మాట!"

ఏసోబు నోట్లోంచి బీడీ తీశాడు. బాలయ్య వైపు చూడలేదు. నిర్మలమ్మ వైపు చూశాడు.

"అమ్మా, గేటుకు రెండు రాళ్లున్నయి. ఎడమది మాది. కుడిది ఎవల్దో అడుగు."

నిర్మలమ్మ మెల్లగా మొగుడి వైపు తిరిగింది.

"కుడిదెక్కడిది?"

"ఏదో రాయి. వాడు వాగుతడు, నువ్వింటవా?"

"నా మిషిన్ల చెయ్యి పెట్టినవా?"

బాలయ్య చెంబును ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చాడు. "మనకు గూడ మోసం చేసిండ్రేమోనని సూసిన. నిజంగనే ఉండె రాయి..."

"అయ్యో నీ తెలివి బండబారిపోను! పీనుగకు కప్పినట్టు దుప్పటి కప్పి, కంపెనోన్ని నాతోని తిట్టిస్తివి గదయ్యా! ఇరవై దినాల సంది నా రెక్కలు పడిపాయె!"

నవ్వు ఎవరు మొదలుపెట్టారో తెలియదు కానీ అందరికీ అంటుకుంది. నిర్మలమ్మ నవ్వలేదు. "ఈ జాగా మా నాయిన నాకిచ్చింది. వీళ్లు యాడికి పోరు. ఎట్ల పంపుతవో నేనూ సూస్త," అని చెంబు గుంజుకుని వెళ్లిపోయింది. వీళ్ల మీద ప్రేమతో కాదు. వీళ్ల ముఖం కూడా ఆమె చూడలేదు.

మరునాడు దుప్పట్లు దవాఖానకు పోయాయి. ఎల్లస్వామి లెక్కపెట్టుకుని మూట తీసుకున్నాడు. గేటు దగ్గర కుడి రాయి మాయమైంది. ఎడమది అక్కడే ఉంది. దాన్ని ఇమ్మని వీళ్లు అడగలేదు, ఇస్తానని బాలయ్య అనలేదు. రెండిళ్ల నడుమ ఉన్న నాలుగు మాటలు కూడా పోయాయి.

ఆ సాయంత్రం ముందింట్లోంచి దబ్ దబ్ మని మొదలైంది. ఏసోబును అడగమని నిర్మలమ్మ ఎంత మొత్తుకున్నా వినక, బాలయ్య మల్లేష్‌ను కూర్చోబెట్టుకుని తనే రాయి బిగించాడు. దబ్ మన్నప్పుడల్లా నడిమి గోడ అదిరి, ఇటువైపు మేకుకు ఉన్న ఏసోబు తువ్వాల ఊగుతోంది.

ఏసోబు చెవి ఒగ్గి విన్నాడు.

"రబ్బరు ఎయ్యలే. ఎడమ బోల్టు సరిగ కూసోలే," అన్నాడు.

"గట్లనే తిప్పితే?"

"పది దినాలు. ఆనక తొట్టి పలుగుతది."

నిర్మలమ్మ తిట్లు గోడ దాటి వస్తున్నాయి.

"పోయి చెప్పరాదు?"

"నన్నడగలే."

బిక్షమ్మ మిషిన్ తలుపు ఆరడానికి బార్లా తెరిచింది. పోయి ఇంటి తలుపు వేసింది. ఏసోబు తువ్వాలను మేకు మీంచి తీసి భుజాన వేసుకుని, మిగిలిన ట్యూబు ముక్కను చుట్ట చుట్టి ఉలి సంచిలో పెట్టాడు.