వానకు వర్క్ పర్మిట్

మా ఆయన సుధాకరరావు దోహాలో ఓ కన్‌స్ట్రక్షన్ కంపెనీకి సేఫ్టీ మేనేజరు. ఆయన సంతకం పడనిదే సైటులో ఎవరూ నిచ్చెన కూడా ఎక్కకూడదు. ఆ చాదస్తం వల్ల ఎంతమంది వేళ్లు చేతులకి మిగిలాయో నాకు తెలుసు, కాదనను. కానీ దాన్ని ఆఫీసులో వదిలి రావాలా వద్దా? దోహా పక్కన అల్ వుకైర్‌లో ఉన్న మా ఇంట్లో కుక్కర్ గాస్కెట్‌కి కూడా తేదీ చీటీ ఉంటుంది. నా ఖర్మ!

నేను రెండేళ్లుగా కంప్యూటర్లో ఒక ఆట ఆడుతున్నాను. మా అమ్మాయి ధాత్రి హైదరాబాదులో కాలేజీలో చేరుతూ తన పాత కంప్యూటరూ, అందులో ఈ ఆటా వదిలి వెళ్లింది. కత్తులూ కొండలూ దెయ్యాలూ ఉన్న ఓ రాజ్యం. అందులో మనమే ఒక మనిషిగా పుట్టి తిరగాలి. నా మనిషి విలుకత్తె. ఇక్కడ కారు నడపడం రాక కొత్తిమీరకి కూడా ఆయన సెలవు కోసం ఎదురుచూసే నేను, అక్కడ మంచుకొండ ఒంటరిగా దాటాను. ఊళ్లో అడుగుపెడితే జనం లేచి నిలబడతారు. కాకినాడలో పదిహేనేళ్లు ఫిజిక్స్ చెప్పి, ఆయన ఉద్యోగం కోసం అది వదిలేసి వచ్చాక, నన్ను చూసి లేచి నిలబడినవాళ్లు వాళ్లే. నవ్వితే నవ్వండి.

మాడ్‌ల సంగతి కూడా ధాత్రే చెప్పింది. ఆటలో లేనివి కొన్ని ఆడేవాళ్లే తయారుచేసి ఊరికే పంచిపెడతారు, వాటినే మాడ్‌లంటారు. నేను మొట్టమొదట ఏటి పక్కన ఓ ఇల్లు చేర్చుకున్నాను. పెంకుల కప్పు, ముందు పెద్ద అరుగు. రెండేళ్లలో గెలిచి తెచ్చుకున్నవన్నీ ఆ ఇంట్లోనే దాచాను.

"అమ్మా, ఒక్కోసారి ఒక్కటే వెయ్యి," అంది ధాత్రి ఫోన్లో. "వేసేముందు నీ సేవ్ కాపీ తీసి పక్కన పెట్టుకో. ఆట మధ్యలో ఉండగా పాత మాడ్ మాత్రం తీసెయ్యకు, మొత్తం పాడైపోతుంది."

సేవ్ అంటే మనం ఎంతవరకు ఆడామో దాచి ఉంచే ఫైలు. చెప్పింది చెప్పినట్టు చేశాను. పదమూడు మాడ్‌లు వేశాను, ఆట ఒక్కసారి కూడా మొరాయించలేదు.

ఇన్నాళ్లూ మా ఆయన నేను పేకాట ఆడుతున్నాననుకున్నారు. అనుకోనీలే అని ఊరుకున్నాను. ఓ గురువారం సాయంత్రం పెందలాడే వచ్చి నా వెనక నిలబడ్డారు. అప్పుడే ఒక వాన మాడ్ చూస్తున్నాను. అరుగు మీద కూర్చుంటే పెంకుల చూరు నుంచి నీళ్లు ధారగా పడతాయట. వుకైర్‌లో వానంటే ఎప్పుడో ఓసారి నాలుగు చినుకులు పడి కార్లకు మట్టి పూసి పోయేదే. నాకు ఆ చూరు వాన కావాలనిపించింది.

"ఇదేంటి?" అన్నారు.

"వానండీ. ఆటలో వేసుకుంటున్నాను."

"ఎవరు తయారుచేశారు?"

"తెలీదు. పేరు దగ్గర కప్ప బొమ్మ ఉంది."

ఇంకేముంది, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ముక్కూ మొహం తెలీని కప్ప చేసింది ఇంట్లోకి దించేస్తావా? రిస్క్ అసెస్‌మెంట్ ఏది? పర్మిట్ ఏది? ఇన్నాళ్లూ ఏమీ కాలేదంటే నీ అదృష్టం శకుంతలా."

అదృష్టమట! నాకు ఒళ్లు మండిపోయింది. "కాపీలు తీసి పెట్టుకుంటున్నానండీ," అన్నాను.

"కాపీలు తీస్తే సరిపోతుందా? రేపు సెలవే కదా, నేను దగ్గరుండి వేయిస్తాను. ఖలాస్," అన్నారు, సైటులో ఫోర్‌మన్‌తో అన్నట్టు.

నేను ఒప్పుకోకుండా ఉండాల్సింది. కానీ ఏం చెప్పను, రెండేళ్లలో ఆయన నా ఆట గురించి అడగడం అదే మొదటిసారి. లోపల్లోపల కాస్త సంబరపడ్డాను కూడా.

శుక్రవారం పొద్దున్నే పని మొదలైంది. బల్ల చుట్టూ ఎరుపూ తెలుపూ చారల టేపు కట్టారు. నన్ను నిలబెట్టి పది నిమిషాలు జాగ్రత్తలు చెప్పారు. వినడానికి ఉన్న కార్మికురాలిని నేనొక్కదాన్నే. తర్వాత ఆట ఫోల్డరంతా హార్డ్‌డిస్కులోకి కాపీ చేసి, చీటీ అంటించి, బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ ఫోల్డరు ఎప్పుడు కావాలన్నా మళ్లీ దించుకోవచ్చు. నా సేవ్ అందులో ఉండదు, అది వేరే చోట ఉంటుంది. ఆ మాట చెప్పబోతే "ప్రశ్నలు చివర్లో" అన్నారు. "నువ్వు కాస్త టీ పెట్టు. ఈలోగా నేను హౌస్‌కీపింగ్ చేస్తాను."

బుద్ధి లేక వెళ్లాను. అల్లం దంచి, టీ మరిగించి తెచ్చేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది.

"ఎంత చెత్త పోగేశావు! ఒకే ఫైలు పద్నాలుగుసార్లు. సైటులో ఒకే సామాను పద్నాలుగు చోట్ల పడేస్తే ఊరుకుంటామా? పదమూడు తీసేశాను. మళ్లీ రాకుండా పూర్తిగా తీసేశాను."

అవి నా కాపీలు. పోనీలే, అసలుది ఉందిగా అని గుండె చిక్కబట్టుకున్నాను.

"ఇంకోటి," అన్నారు టీ అందుకుంటూ. "మాడ్‌లన్నిటికీ తేదీలు చూశాను. ఒకటి ఆరేళ్ల కిందటిది, తర్వాత ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. తేదీ దాటిన ఫైర్ సిలిండర్ని గోడకి ఉంచుతామా? దాన్నీ తీసేశాను. తర్వాత వాన వేసి, ఆట తెరిచి చూశాను. ఏదో లేదు, అయినా ముందుకెళ్లాలా అని అడిగింది. వెళ్లమన్నాను. సేవ్ కూడా చేసేశాను."

ఆరేళ్ల కిందటిది నా ఇల్లు.

గబగబా కూర్చుని చూశాను. వాన పడుతోంది. కప్ప ఎవరో గానీ మహానుభావుడు, అంత అందమైన వాన. ఏటి పక్కన ఉత్త నేల మీద పడుతోంది. ఇల్లు లేదు, అందులో దాచినవేవీ లేవు. నా విలుకత్తెని మూడడుగులు వేయించానో లేదో, ఆట దానంతటదే మూసుకుపోయింది. మళ్లీ తెరిచాను. మళ్లీ మూడడుగులే. ధాత్రికి ఫోన్ చేశాను. "ఆ మాడ్ మళ్లీ వేసినా ఖాళీ ఇల్లే వస్తుందమ్మా. సేవ్ పోయింది. మొదటి నుంచీ ఆడాల్సిందే," అంది.

"కొంప ముంచారు కదండీ!" అన్నాను.

"ఆటే కదా శకుంతలా. ఎవరికీ ఏమీ కాలేదుగా."

శనివారం పొద్దున ఆయన ఒక ఫారం ప్రింటు తీసుకుని భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. ఏం జరిగినా రిపోర్టు రాయకపోతే ఆయనకి ముద్ద దిగదు. ఇడ్లీ పెడుతూ భుజం మీంచి చదివాను. కారణం: కాలం చెల్లిన సామగ్రి వాడకం. అనుమతి పత్రాలు: అన్నీ సక్రమం. గాయపడినవారు: ఎవరూ లేరు.

ఆయన చేతిలోంచి పెన్ను లాక్కుని ఆ చివరి మాట కొట్టేసి నా పేరు రాశాను.

"అదేంటి? మనిషి గాయపడితే దీన్ని ఇక్కడితో మూసెయ్యడం కుదరదు. బాధితురాలిని కూర్చోబెట్టి అంతా అడగాలి, రూలు."

"అడగండి," అని ఎదురుగా కూర్చున్నాను.

ఆయన నా మొహం వంక చూసి పెన్ను తీసుకున్నారు. నిన్నంతా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఏడుస్తూనే చెప్పాను, మంచుకొండ గురించి, లేచి నిలబడే జనం గురించి, ఇంటి గురించి. ఆయన ఒక్క ముక్క వదలకుండా రాసుకున్నారు; మధ్యలో తేదీలు కూడా అడిగారు.

కాగితం తిప్పి, తరవాతి ప్రశ్న చదివారు. "ఇదంతా చూసిన సాక్షులెవరు?"

"ఎవరూ లేరండీ," అన్నాను. "రెండేళ్లూ ఇదే ఇంట్లో ఉన్నారు, మీరు కూడా చూడలేదు."