నలభయ్యో రోజు ఫాతెహా

చీరాలలో మా మగ్గాల మీద నేసిన గళ్ళ లుంగీలు రంగూన్‌లో గౌస్ బాషా కొట్టుకు వెళ్ళేవి. వాడూ నేనూ ఒకే వీధిలో పెరిగాం. రంగూన్‌లోనే పుట్టిన తెలుగు పిల్ల కరీమున్‌ను చేసుకుని పదేళ్ళుగా అక్కడే ఉంటున్నాడు. పరాయివాడు గనక ఉండటానికి ఏటా అనుమతి, కొట్టుకు ఆదాయప్పన్ను, ఊరికి రావాలన్నా పన్ను బాకీ లేదన్న కాగితం. అల్లుణ్ణి పిలిచినట్టు పిలిచి పాలేరునడిగినట్టు లెక్కలడిగే దేశమని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

అరవై రెండులో ఇక్కడ బాషా వాళ్ళ నాన్న ఉస్మాన్ గారు పోయారు. తంతి అందేసరికి బాషాకు ఆ ఏటి పన్ను తేలలేదు. పూచీ ఉంటే గాని కదలనివ్వమన్నారు అక్కడి ఆఫీసువాళ్ళు. కరీమున్ సంతకం పెట్టింది. వీడు తిరిగెళ్ళి లెక్క తేల్చేదాకా ఆమె దేశం దాటకూడదు. వీడు గడువులోగా వెళ్ళకపోతే పదేళ్ళ నివాసం రద్దు.

బాషా ఊరు చేరేసరికి మట్టి అయిపోయింది. మట్టికి అందని కొడుకు, పోయినవాళ్ళ పేర నలభయ్యో రోజు చదివించే ఫాతెహాకైనా నిలబడాలని వాళ్ళమ్మ సర్దార్‌బీ పట్టు పట్టింది. గడువులోగా చేర్చే ఓడ మాత్రం ఆ రోజుకు ముందే మద్రాసు నుంచి బయల్దేరుతుంది.

“పెద్దకొడుకువి. నువ్వు లేకపోతే ఊరు నన్నడుగుద్దిరా.”

“ఓడ పోద్దమ్మా.”

“ఇంకో ఓడ వస్తది. మీ నాన్న వస్తాడా?”

నాకు ఒళ్ళు మండింది. “ఒరేయ్, పోయినాయనకు తొందరేం లేదు. బతికున్న మనిషి అక్కడ నీకోసం పూచీపడి కూర్చుంది. పో,” అన్నాను.

“ఆలస్యమైతే జుల్మానా వేస్తారు, కడతా. మన శిస్తు ఎప్పుడన్నా గడువులో కట్టామా పానకాలూ? కరణం ఏం చేశాడు?” అని నవ్వాడు.

కరణం చేయలేదు గనక ఏ సర్కారూ ఏమీ చేయదని మావాళ్ళ నమ్మకం. ఉస్మాన్ గారికి ఇష్టమని సర్దార్‌బీ గోంగూర మాంసం వండింది. ఫాతెహా ఘనంగా జరిగింది. ఊరు మెచ్చుకుంది.

తర్వాత బాషా మద్రాసు వెళ్ళి బర్మా ఆఫీసు మెట్లెక్కాడు. కొత్తవాళ్ళకు అనుమతులు ఆపేశామన్నారు. తను పాతవాణ్ణని వీడు మొత్తుకున్నాడు. గడువు దాటినవాడు కొత్తవాడి కిందే లెక్కన్నారు. పన్నువాళ్ళకు రాస్తే స్వయంగా వచ్చి తేల్చుకోమని జవాబు. వీణ్ణి రానివ్వరు, ఆమెను పోనివ్వరు. అడకత్తెరలో పోకచెక్కలా నలిగారు ఇద్దరూ. ఆ ఆఫీసుల ఉత్తరాలు వాడు నాకు చదివి వినిపించేవాడు. నేను తలొంచుకుని వినేవాణ్ణి.

మరుసటి ఏడు వానాకాలంలో కరీమున్ జ్వరంతో పోయింది. పక్కింటివాళ్ళు రాసిన ఉత్తరం నెలలు తిరిగి చీరాల చేరింది. అప్పటికే ఆమె పోయి నలభై రోజులు దాటిపోయాయి.

మసీదు ముల్లాగారు పరామర్శకు వచ్చారు. సర్దార్‌బీ పొయ్యి దగ్గర ఉంది. నేను అరుగు మీద కూర్చున్నాను.

“నలభై దాటిపోయిందండి. ఇప్పుడు చదివిస్తే ఆమెకు చేరుద్దా?” అనడిగాడు బాషా.

“ఏ రోజు చదివినా చేరుద్ది బాబూ. నలభై మనం పెట్టుకున్న లెక్కే. పనులుండేవాళ్ళు ముందే చదివించుకోటంలా?”

బాషా ఆయన దగ్గరకు జరిగాడు. “మా నాన్నకు గూడా మీరు ముందే చదివేవాళ్ళా?”

“ఎందుకు చదవను? నన్నెవరడిగారు?”

ఓడ ఎక్కమని అరిచానే గాని, నాలుగిళ్ళ అవతలున్న మసీదుకెళ్ళి ఒక్క మాట అడగాలని మాలో ఎవరికీ తోచలేదు. అడగనిదాన్ని ఆచారమనుకున్నాం.

ముల్లాగారు వెళ్ళాక సర్దార్‌బీ వాకిట్లోకి వచ్చింది. ఫాతెహాకు పోయినవాళ్ళకు ఇష్టమైంది వండాలి. కోడలిని ఆమె ఎన్నడూ చూడలేదు.

“ఆ పిల్లకేం ఇష్టంరా?” అంది.

“నీ చేతి గోంగూర ఎప్పుడు తింటానో అనేదమ్మా.”

సర్దార్‌బీ గుమ్మం పట్టుకుని అక్కడే కూలబడింది. గోంగూర నేనే వెళ్ళి తెచ్చాను.