బెంచీ మీది అల్లుడు

అత్తగారింట్లో ఆదివారం భోజనాలయ్యాక ఎంగిలి కంచాలు ఎవరు కడగాలో బాస్కెట్‌బాల్ తేలుస్తుంది. చాలా ఏళ్లుగా ఆ ఇంట్లో అదే పద్ధతి. సీజన్ మొదట్లో అత్తగారూ, ఆవిడ కొడుకూ, కూతురూ తలా ఒక ఫోను పట్టుకుని కూర్చుంటారు. లీగులో నిజంగా ఆడే ఆటగాళ్లలోంచి వంతులవారీగా ఒక్కొక్కరిని ఎంచుకుని ఎవరి ఊహా జట్టు వాళ్లు కట్టుకుంటారు. ఆ ఆటగాడు శనివారం కోర్టులో ఏం సాధిస్తే ఆ పాయింట్లు అతన్ని ఎంచుకున్నవాళ్లకు పడతాయి. ఒకరు తీసుకున్నవాణ్ణి ఇంకొకరు తీసుకోకూడదు. వదిలేస్తే మాత్రం ఎవరు ముందు నొక్కితే వాళ్లకే. వారం చివర అందరికన్నా వెనకబడ్డవాళ్లు సింకు ముందు నిలబడాలి. దీన్ని ఫాంటసీ లీగ్ అంటారు గాని, ఆ గిన్నెల జిడ్డు మాత్రం ఊహ కాదు.

ఇంటి అల్లుడికి ఇందులో ఫోను పట్టుకునే హక్కు లేదు. ఎందుకంటే అతను ఆ లీగులోనే ఆడతాడు. అతను సెంటరు, అంటే బుట్ట కింద నిలబడి, గురి తప్పిన బంతినల్లా గాల్లోనే లాక్కోవలసిన పొడుగు మనిషి. జట్టులో అతన్ని నిచ్చెన అంటారు. కాకపోతే అతను రెండో సెంటరు. మొదటి సెంటర్ని గోడ అంటారు. గోడ అలిసిపోయినప్పుడో, గెలుపో ఓటమో ఖాయమైపోయి జనం లేచి వెళ్లిపోతున్నప్పుడో నిచ్చెనను లోపలికి పంపుతారు. మిగతా సమయమంతా తువ్వాలు మెడలో వేసుకుని బెంచీ మీద కూర్చుని చప్పట్లు కొట్టడమే అతని పని. ఆ పనికి వంక పెట్టినవాళ్లు లేరు.

ఈ ఏడు చీటీ తీస్తే మొదటి వంతు అతని భార్యకు వచ్చింది. ఆమె కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెడుతుంది. వెంట్రుకవాసి తేడా ఉన్నా అద్దం వెనక్కి పంపే మనిషి. మొగుడు పక్కనే ఆనుకుని కూర్చుని ఉండగా, రెప్పైనా వేయకుండా, గోడ పేరు మీద వేలు పెట్టింది.

"వాణ్ణెందుకు?" అన్నాడు నిచ్చెన, నవ్వుతున్నట్టు ముఖం పెట్టి.

"అంకెలు చూడు, తెలుస్తుంది," అంది ఆమె.

ఆ తర్వాత అతన్ని ఎవరైనా తీసుకుంటారేమోనని చివరి వంతు దాకా చూశాడు. బావమరిది బస్సు డిపోలో మెకానిక్కు. పనికిరాని ఇనుప ముక్కని కూడా ఇంటికి పట్టుకొచ్చే రకం, బావని మాత్రం తీసుకోలేదు. అత్తగారు ఆఖరి చోటుకు వీపు ఆపరేషన్ చేయించుకుని మంచానపడ్డ ఒక పెద్దాయన్ని ఎంచుకుంది.

"ఆయన ఈ ఏడాదంతా ఆడడు అత్తయ్యా," అన్నాడు ఉండబట్టలేక.

"తెలుసు బాబూ. కాని మనిషి మంచివాడు," అందావిడ.

అప్పటినుంచీ మొదలైంది అతని కడుపుమంట. గోడ మీద అసూయ పాతదే. చోటు కొట్టేశాడన్న అసూయ, దాంతో సర్దుకుపోయాడు. ఇది వేరు. ఇది పెళ్లాం నోట ఇంకొకడి పేరు వినాల్సిరావడం. పొద్దున పళ్లు తోముకుంటూ, "నిన్న వాడికి నిద్ర సరిగ్గా పట్టలేదేమో, కాళ్లు లేవలేదు" అనేది. నిచ్చెన జ్వరంతో దుప్పటి కప్పుకుని మూలుగుతుంటే, నుదుటి మీద చెయ్యి వేసి, "గోడకి అంటించలేదు కదా?" అని అడిగింది. మాత్ర ఇచ్చింది, గంజి కాచింది, అన్నీ చేసింది. కాని అడిగింది అదీ.

మ్యాచులకు ఆమె వచ్చి మూడో వరసలో కూర్చునేది. గోడ బంతి అందుకుంటే ముందుకు వంగేది. గోడ బయటికి వచ్చి నిచ్చెన లోపలికి వెళ్తే వెనక్కి వాలి ఫోను తీసి లెక్క చూసుకునేది. కోర్టులో అవతలివాడు మోచేత్తో పక్కటెముకల్లో పొడుస్తున్నా నిచ్చెన కన్ను ఆ మూడో వరస మీదే ఉండేది. అందుకే బంతి చేజారేది. చేజారితే కోచ్ తిట్టేవాడు. ఇదంతా గోడ వల్లే అని అతని లెక్క.

పోనీ ఆ గోడ తిట్టుకోవడానికి వీలైన మనిషైనా అయితే బాగుండేది. వయసులో చిన్నవాడు. "అన్నా, బుట్ట కింద నిలబడటం నీ దగ్గరే నేర్చుకున్నాను" అని నలుగురిలో చెప్పేవాడు. తన బూట్లు విప్పుకుంటూ అన్న బ్యాగు కూడా సర్దేవాడు. అలాంటివాడి మీద కుళ్లుకోవడం ఎంత కష్టమో నిచ్చెనకే తెలుసు. కుళ్లుకున్నందుకు మళ్లీ సిగ్గుపడాలి, సిగ్గుపడ్డందుకు మళ్లీ వాడి మీదే ఒళ్లు మండాలి.

ఒక గురువారం ప్రాక్టీసు నుంచి ఇంటికి వచ్చేసరికి ఆమె కిటికీ దగ్గర కూర్చుని తన కళ్లజోడు తుడుచుకుంటోంది. నీళ్లు కావాలా అని కూడా అడగలేదు.

"గోడ ఎలా ఉన్నాడు?" అంది.

ప్రాక్టీసు అయ్యాక గోడ మోకాలికి ఐసు కట్టుకున్న మాట నిజం. అందరూ కట్టుకుంటారు. నిచ్చెన కూడా రెండు మోకాళ్లకీ కట్టుకున్నాడు. ఆ ముక్క చెప్పి ఊరుకుంటే సరిపోయేది.

"మోకాలు పోయింది," అన్నాడు. "ఫిజియో పెదవి విరిచాడు. శనివారం ఆడడు. తర్వాత సంగతి దేవుడికే తెలియాలి. బయటికి పొక్కనివ్వకు."

ఆమె కళ్లజోడు పెట్టుకుని అతని వైపు చూసింది. "నిజంగానా?"

"నీతో ఎప్పుడైనా అబద్ధం చెప్పానా?"

చెప్పలేదు. అప్పటిదాకా నిజంగానే చెప్పలేదు. కోచ్‌కి చెప్పాడు, అత్తగారికి చెప్పాడు, బరువు చూసేవాడికి వారం వారం చెప్పేవాడు. ఆమెకు మాత్రం చెప్పలేదు. ఆమెకూ అది తెలుసు, అందుకే మరో ప్రశ్న వేయకుండా ఫోను తీసి గోడను జట్టులోంచి తీసేసింది. నిచ్చెన గుండెల్లో చల్లటి నీళ్లు పోసినట్టయింది. సోఫా అంచున కూర్చుని ఎదురుచూశాడు. ఖాళీ అయిన చోటు సెంటరుదే కదా. గోడ ఆడకపోతే ఆడేది ఎవరో చంటిపిల్లాడు కూడా చెప్పగలడు.

ఆమె ఇంకేదో జట్టు సెంటర్ని తీసుకుంది.

"అదేమిటి, గోడ లేకపోతే నేనే ఆడతాను," అన్నాడు.

"ఆడతావు. దిగీ దిగగానే ఫౌళ్లు చేసి మళ్లీ బయటికొస్తావు," అంది ఆమె, ఎగతాళి చేసే గొంతు కాదు, అద్దం పవరు చెప్పే గొంతు. "ఇది ఆట. అన్నం పెట్టనా?"

అన్నం కంచంలోనే వదిలేసి లేచాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. కాని ఆ ఇంట్లో ఒకరి జట్టు మీద ఇంకొకరు కన్నేసి ఉంచుతారు. నిచ్చెన పెళ్లాం గోడను వదిలేసిందంటే దానికి అర్థం ఒకటే. ఆమె నోరు విప్పకపోయినా ఆమె ఫోను చెప్పేసింది. మర్నాడు పొద్దున్నే బావమరిది డిపో నుంచి ఫోను చేశాడు.

"బావా, నిన్ను తీసుకున్నాను. అమ్మ కూడా నీకోసం చూసింది, నేనే ముందు నొక్కేశాను. శనివారం కాస్త చూసి ఆడు బావా, నా పరువు నీ చేతిలో ఉంది."

సాయంత్రం అత్తగారు పనిగట్టుకుని వచ్చింది. పళ్లు తెచ్చింది. పెళ్లయినప్పటినుంచీ అల్లుణ్ణి గుమ్మానికి తల తగలకుండా చూసుకోమని చెప్పడం తప్ప ఇంకో మాట ఎరగని మనిషి, పక్కన కూర్చుని, "వాడు నిన్ను ఎగరేసుకుపోయాడు బాబూ, లేకపోతే నా జట్టులోనే ఉండేవాడివి" అని నొచ్చుకుంది. నిచ్చెన ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. తనకోసం ఇద్దరు పోట్లాడుకున్నారు. అబద్ధం మీద పోట్లాడుకున్నారన్న సంగతి మర్చిపోలేదు, పక్కన పెట్టాడంతే. భార్య వైపు ఓరగా చూశాడు. ఆమె పళ్లు కోస్తోంది.

శనివారం రానే వచ్చింది. గోడ రెండు కాళ్ల మీదా గంతులేస్తూ కోర్టులోకి దిగాడు.

ఆ రోజు వాడి ఆట చూసి తీరాలి. పైకి లేచిన బంతల్లా వాడి చేతుల్లోకే వచ్చింది. జనం అరిచి అరిచి గొంతులు పోగొట్టుకున్నారు. అత్తగారు మాత్రం అరవలేదు. వాడు మొదటి బంతి అందుకోగానే ఫోను తీసి, మంచం మీది పెద్దాయన్ని మర్యాదగా సాగనంపి, గోడను తన జట్టులో వేసుకుంది. బావమరిది నెత్తి పట్టుకున్నాడు. నిచ్చెన బెంచీ మీద తువ్వాలు కొరుకుతూ మూడో వరస చూశాడు. ఆమె గోడను చూడటం లేదు, ఫోను కూడా చూడటం లేదు. అతన్నే చూస్తోంది. ఆ చూపు కోసం ఇన్నాళ్లూ అల్లాడిన మనిషి తల వంచుకున్నాడు.

ఆదివారం గిన్నెలు ఆమెకే వచ్చాయి. బావమరిదికి సున్నా తెచ్చిన సెంటరే మిగిలాడు గాని వాణ్ణి మిగతా ఆటగాళ్లు ఆదుకున్నారు. నిచ్చెన వెనకాలే వంటగదిలోకి వెళ్లి తుడవడానికి గుడ్డ అందుకున్నాడు.

"మోకాలు?" అంది ఆమె, పంపు తిప్పుతూ.

"తగ్గిపోయినట్టుంది."

"రెండు రోజుల్లో."

ఆమె ఒక కంచం కడిగి అతనికి అందించింది, ఇంకోటి కడిగింది.

"నన్ను ఎంచుకోలేదని మంటగా ఉంది అని చెబితే సరిపోయేది," అంది. "నీ ఆట అంతంతమాత్రమని నాకు ఎప్పుడో తెలుసు. దానికోసం నిన్ను చేసుకోలేదు. నువ్వేదన్నా చెబితే ఇంకొకర్ని అడగాల్సిన పని ఉండేది కాదు. నాకు ఆ ధీమా ఉండేది."

కేకలేస్తే బాగుండుననిపించింది అతనికి. ఆమె కేకలేయలేదు, ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు కూడా. అన్నం పెట్టింది, నవ్వింది, మ్యాచులకు వచ్చింది. అంతా మామూలే అనుకుని కొన్నాళ్లకు అతనూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

సీజన్ చివరికి వచ్చాక ఒక మధ్యాహ్నం ప్రాక్టీసులో గోడ ఎగిరి, పక్కకు దొర్లివచ్చిన బంతి మీద దిగాడు. చీలమండ మెలిపడింది. ఎదురుగా నిలబడి చూస్తున్న నిచ్చెనే అందరికన్నా ముందు పరుగెత్తాడు, వాణ్ణి చంకల కింద చేతులేసి లేపాడు. ఇన్నాళ్లుగా కుళ్లుకున్న మనిషికి ఆ క్షణంలో ఏడుపొచ్చింది, ఎందుకో అతనికే తెలియదు. కాసేపటికి కోచ్ వచ్చి భుజం తట్టి, "రేపు మొదటినుంచీ నువ్వే" అన్నాడు.

మొదటినుంచీ. ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి. ఇంటికి ఎలా వచ్చాడో గుర్తులేదు. ఆమె అప్పుడే దుకాణం నుంచి వచ్చి చెప్పులు విప్పుతోంది.

"గోడ కాలు మెలిపడింది. రేపు మొదటినుంచీ నేనే ఆడుతున్నాను," అన్నాడు.

ఆమె అతని ముఖంలోకి చూసింది. "అలాగా," అంది. బ్యాగులోంచి ఫోను తీసింది.

ఈసారి తనని తీసుకుంటోంది అనుకున్నాడు. ఫౌళ్లు చేసినా, చేజార్చినా, ఈసారి తన పేరు మీదే వేలు పెట్టబోతోంది. గుమ్మంలో చొక్కా సర్దుకుని నిలబడ్డాడు.

ఆమె ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

"ఏమ్మా, నేను," అంది గోడ భార్యతో. "మీ ఆయన కాలికేదో అయిందని మా ఆయన అంటున్నారు. అవునా? ... అయ్యో. ... ఎక్కువా? ... సరేనమ్మా, జాగ్రత్త. వీలు చూసుకుని వస్తాం."

ఫోను పెట్టేసి, ఆ కాలు మెలిపడుతుండగా కళ్లారా చూసిన మనిషి వైపు తిరిగింది.

"నిజమేనట," అంది.