మగ్గం విన్న మాట

గుడియాత్తం నేతవీధిలో ఆ తోడికోడళ్ళిద్దరి మగ్గాలూ పొద్దున్నే మొదలయ్యేవి. చిన్నకోడలు మోహన మగ్గంలో పడుగు దారం అయిపోయేది, అందరి పడుగుల్లాగే. పెద్దకోడలు రాజాంబాళ్‌ది అత్త ఇచ్చిన మగ్గం. నేసే మనిషి తెలుగులో "చాలు" అనేదాకా దానికి దారం వస్తూనే ఉండేది. రాజాంబాళ్ మూడు లుంగీలు నేసి, "చాలు" అని, లేచి కాఫీ పెట్టుకునేది. అది చూస్తే మోహనకు ఒళ్ళు మండిపోయేది. ఇంత అదృష్టం ఇంట్లో పెట్టుకుని కాఫీ ఏమిటి, కాఫీ!

కూతురి కాన్పుకని వేలూరు పక్కనున్న బాగాయం పోతూ రాజాంబాళ్, "నేనొచ్చేదాకా నువ్వు నేసుకో మోహనా. కావల్సినంత నేసినాక చాలు అను, అది వింటాది" అనింది.

మోహన తన మగ్గాన్ని నరికించి పొయ్యిలో పెట్టి, అది ఉన్న గుంతలో అక్క మగ్గం దింపించింది. నెల తిరక్కుండా చేతుల నిండా గాజులు, గదిలో ఏసీ. వేలూరు వ్యాపారులతో మాట్లాడీ మాట్లాడీ తెలుగు మానేసింది. మొగుడితో కూడా తమిళమే. చాలు మాత్రం ఒక్కనాడూ అనలేదు. కునికిపాట్లు కూడా మగ్గం దగ్గరే. అయినా కడుపుమంట తగ్గలేదు. అక్క తిరిగొస్తే ఇది ఇచ్చేయాలి కదా! రాజాంబాళ్ ఫోను చేస్తే ఎత్తడం మానేసింది.

ఓ మధ్యాహ్నం మొగుడు లోగనాథన్ మగ్గం దగ్గరికే కంచం తెచ్చాడు.

"ఇంకో గరిటె రసం పొయ్యనా?"

"పోదుం, పోదుం!" అని విసుక్కుంది మోహన.

తమిళంలో అది చాలనడమే. కానీ మగ్గానికి తెలుగు తప్ప రాదాయె. పోదామంటోంది కాబోలనుకుని గుంతలోంచి లేచి, గడప దాటి, వీధిన పడింది. వీధివాళ్ళు పక్కకు జరిగి దారిచ్చారు.

మోహన వెంట పరిగెత్తింది.

"ఆ మాట అనవే, నిలబడతాది!" లోగనాథన్ అరిచాడు.

చాలు అంటే నిలబడుతుంది. రేపు మళ్ళీ నేస్తుంది కూడా. కానీ ఇవాళ్టికి దారం ఆగిపోతుంది. ఆ ఒక్క పూట దారం వదులుకోవడానికి మోహనకు ప్రాణం ఒప్పలేదు. ఇంకా రెండు లుంగీలైనా నేయొచ్చే అనుకుంటుండగానే మగ్గం మలుపు తిరిగి వేలూరు రోడ్డెక్కింది.

సాయంత్రం రాజాంబాళ్ ఫోను చేసింది. ఈసారి మోహన ఎత్తింది.

"మగ్గం ఈడికొచ్చి చేరినాది మోహనా. పాపం, అలిసిపోయి ఉండాది. నువ్వు అన్నం తిన్నావా?"

ఆ పలకరింపుకు మోహనకు ఇంకా మండింది. ఫోను పెట్టేసింది. లోగనాథన్ కంచంలో అన్నం పెట్టి, రసం పోసి, "ఇంకో గరిటె?" అన్నాడు.

"చాలు" అంది మోహన.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! చేతిలో ముద్ద కంచంలో పడేసి, ఖాళీ గుంత వైపు చూస్తూ భోరున ఏడ్చింది.