అడుగంటిన కుండ పెంకు

నేను ఒక కుండ పెంకుని. అరచేతిలో పట్టేంత ఉంటాను, ఓ పక్క కాస్త పెచ్చూడింది. నన్ను చూసి పెదవి విరవకండి. ఒకప్పుడు గుండ్లకమ్మ ఒడ్డున ఒక ఇంట్లో మూడేళ్లపాటు రోజూ కొర్రన్నం వండిపెట్టిన కుండకి అడుగుభాగాన్ని నేను. ఆ ఇల్లాలి చెయ్యి మంచిదే గానీ చెవులు మాత్రం ఎప్పుడూ పక్కింట్లో ఉండేవి. ఒకరోజు అక్కడేదో తగాదా వింటూ పొయ్యి సంగతి మరిచిపోయింది. కొర్రలు మాడి నన్ను కరుచుకున్నాయి. ఎంత తోమినా వదలకపోయేసరికి విసుగొచ్చి కుండని పెరట్లోకి విసిరేసింది. అంతే, ముక్కలయ్యాం.

తరవాత రెండు వేల ఏళ్లకు పైగా హాయిగా నిద్రపోయాను. లేపింది వేదాద్రి గారి తాపీ.

మా దిబ్బ మీద జరిగే తవ్వకానికి వేదాద్రి గారు పెద్ద. బయటివాళ్లు వీళ్లందర్నీ పురావస్తు శాస్త్రజ్ఞులని ఒకే మాటతో పిలుస్తారు గానీ, వీళ్లది ఒకే పందిరి కింద ఎవరి పొయ్యి వారు పెట్టుకున్న ఉమ్మడి కుటుంబం. వేదాద్రి గారిది సమాధుల శాఖ. ముప్పై ఏళ్లుగా ఆయన కంటికి ప్రతి దిబ్బా శ్మశానమే. ఎముకల శాఖాయన నన్ను చూసి పుర్రె ముక్క అనుకుని ఎగిరి గంతేశాడు, కాదని తెలిసి ముఖం మాడ్చుకున్నాడు. శాసనాల శాఖాయన అక్షరాలున్నాయేమోనని నా వీపు మీద మట్టి గీకి, ఏమీ లేకపోయేసరికి నన్ను బుట్టలో పడేశాడు. నా లోపలివైపు ఏముందో ఒక్కరూ చూడలేదు.

హిమజది గింజల శాఖ. తవ్విన మట్టిని డ్రమ్ములో నీళ్లలో కలిపి, పైకి తేలినవాటిని పల్చటి గుడ్డలో వడకట్టి, మాడిన గింజల కోసం వెతుకుతుంది. ఈ దిబ్బ మీద మనుషులు కాపురం ఉన్నారని ఆమె నమ్మకం. కాదు, చనిపోయినవాళ్లని పూడ్చిన చోటేనని వేదాద్రి గారు. అనుమతి శనివారంతో ముగుస్తుంది. ఆలోగా కాపురం ఉన్నారన్న రుజువు దొరక్కపోతే దిబ్బని చదును చేసి కాలవ తవ్వేస్తారు. శుక్రవారం మధ్యాహ్నం దాకా హిమజకి దొరికినవి గడ్డివేళ్లు, రెండు చీమల రెక్కలు. నాకైతే ఆ పిల్లని పిలిచి చెప్పాలనిపించేది. ఆమెకి కావలసినది నా ఒళ్లోనే ఉంది మరి!

కానీ వాళ్ల పద్ధతి అలాంటిది. మట్టి హిమజకి వెళుతుంది. పెంకులు తొట్టికి వెళ్లి, బ్రష్షుతో శుభ్రంగా తోమించుకుని, ఆ తరవాత కుండల శాఖకి వెళతాయి. పెంకుకి అంటుకున్న తిండి ఏ శాఖదో ఎవరూ రాసుకోలేదు. కాబట్టి అది రోజూ తొట్టి నీళ్లలో కలిసిపోతోంది.

తొట్టి దగ్గర గురవమ్మ. పక్క ఊరి మనిషి, కూలికి వచ్చింది. చేతికిచ్చిన గిన్నెని మెరిపించకుండా వదిలే రకం కాదు. ఆ సాయంత్రం నన్ను పట్టుకుని రుద్దింది చూడండి, నా ప్రాణాలు పోయాయి! సగం మాడు ఊడి నీళ్లపాలైంది. ఉన్నట్టుండి ఆమె చెయ్యి ఆగింది.

"అమ్మాయ్ హిమజా, ఇదేందో చూడు. అడుగంటిన కూడు! మా కోడలు కూడా అచ్చం ఇట్టాగే మాడ్చుద్ది."

హిమజ పరిగెత్తుకొచ్చింది. తడి చేతుల్లోంచి నన్ను లాక్కుని భూతద్దం పెట్టింది. "కొర్రలు! పిన్నీ, ఇంక తోమకు, నీకు దణ్ణం పెడతాను!" అంటూ ఏడుస్తూ నవ్వింది. నాకూ ఏడుపొచ్చింది. కళ్లు లేవు గాబట్టి సరిపోయింది.

వేదాద్రి గారు తాపీగా వచ్చి నన్ను తిప్పి చూశారు. "గింజలు నిజమేనమ్మా. కానీ చనిపోయినవాళ్లకి నైవేద్యంగా పెట్టిన అన్నం అయ్యుండచ్చుగా? అప్పుడిది సమాధి కుండే."

హిమజ ముఖం వాడిపోయింది. గురవమ్మ మాత్రం చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ అడిగింది.

"అదేంది సారూ, పోయినోళ్లకి మాడింది ఎవురన్నా పెడతారా? వాళ్లకి మంచిది తీసి ముందు పెడతాం. మాడింది ఇంట్లో ఆడది తింటది, లేకపోతే కుండ ఇసిరికొడతది. ఇది దొరికిన కాడికి దగ్గర్లోనే పొయ్యి ఉంటది, తవ్వి చూడండి."

పెద్దాయన తన తాపీ తీసి హిమజ చేతిలో పెట్టి, "పదమ్మా, ఇది దొరికిన మూల తవ్వుదాం" అన్నారు. ముప్పై ఏళ్ల నమ్మకాన్ని అంత మర్యాదగా పక్కన పెట్టిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. శనివారం పొద్దున పదింటికి మూడు రాళ్ల పొయ్యి బయటపడింది, బూడిదతో సహా. కాలవని పక్కకి జరిపారు. తవ్వకానికి ఇంకో రెండేళ్లు అనుమతి వచ్చింది.

నేనిప్పుడు మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. ఎముకలాయన, శాసనాలాయన వచ్చినవాళ్లకి నన్ను తామే కనిపెట్టినట్టు చూపిస్తారు. పోనీండి. మొన్న హిమజ, వేదాద్రి గారు గురవమ్మనీ ఆమె కోడలినీ తీసుకొచ్చారు. హిమజ నా కింద ఉన్న చీటీ చదివి వినిపించింది. "కొర్రలు మాడిన వంటకుండ. గుర్తించినవారు: గురవమ్మ."

గురవమ్మ అద్దం మీద వేలు పెట్టి చీటీని చూపించింది. "మా ఊళ్లోనే నలుగురు గురవమ్మలున్నారు సారూ. ఇంటిపేరు ఎయ్యకపోతే ఎట్టా?"

వేదాద్రి గారు నాలిక కరుచుకుని, తాళం తెప్పించి పెట్టె తెరిచారు. జేబులోంచి పెన్ను తీసి అడిగారు.

"చెప్పమ్మా, ఏమని రాయమంటావు?"

"బొడ్డపాటి," అంది గురవమ్మ, వెనక నుంచున్న కోడలికి కూడా వినబడేలా.